‘పాజిటివ్‌గా ఉండండి’ అంటే చాలదు, మోతాదు కూడా చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అన్న మాట ఏదో ఒక పేజీలో తరచూ కనబడుతూనే ఉంటుంది. మాట తప్పని మేం అనం. కానీ అది మందు పేరు రాసి మోతాదు రాయని చీటీలాంటిది. ఎంతసేపు చెయ్యాలి, రోజుకా వారానికా, ఎప్పుడు మానాలి, ఎవరికి పడదు... ఏమీ ఉండదు. చదివినవాళ్లు రెండు రోజులు ప్రయత్నిస్తారు, కుదరదు. లోపం సలహాలో ఉందనుకోరు, ‘నా వల్ల కాదు’ అనుకుంటారు. అప్పటికే దిగులుగా ఉన్న మనిషికి ఇది పుండు మీద కారం. అందుకని ఈ ఉత్తరం. పొడుగైందని తెలుసు. కత్తిరించక తప్పకపోతే మా అభిప్రాయాలు కత్తిరించండి, కొలతలు మాత్రం ఉంచండి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మనసు చెడువైపు మొగ్గడం జబ్బు కాదు, బలహీనతా కాదు. పదిమంది మెచ్చుకుని ఒక్కరు మొహం చిట్లించినా, రాత్రి పడుకున్నాక కళ్లముందు మెదిలేది ఆ ఒక్క మొహమే. మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులు 2001లో ఎన్నో పరిశోధనలను ఒకచోట పెట్టి చూశారు. మానవ సంబంధాల్లో, నేర్చుకోవడంలో, జ్ఞాపకాల్లో ఎక్కడ చూసినా మంచి అనుభవం కంటే చెడ్డ అనుభవమే బలంగా పనిచేస్తోందని తేల్చారు. దానికి వాళ్లు చెప్పే కారణం సబబుగానే ఉంది: మంచి అవకాశం ఒకటి చేజారితే మరొకటి రావచ్చు, ప్రమాదాన్ని ఒక్కసారి గమనించకపోతే ప్రాణమే పోవచ్చు. కాబట్టి ఈ మొగ్గును పూర్తిగా పోగొడదామని కూర్చుంటే కుదరదు. ముల్లు కాస్త పక్కకు జరిగిన త్రాసుతో తూచేవాడు ఆ తేడా ఎంతో తెలుసుకుని లెక్క సరిచేసుకుంటాడు. రోజువారీ జీవితంలో సానుకూలత అంటే మా దృష్టిలో అంతే.

బాగా ప్రచారంలో ఉన్నా ఎదురుతిరిగే పద్ధతుల సంగతి మొదట చెప్పాలి. చెడ్డ ఆలోచన రాగానే తోసెయ్యమనడం అందులో మొదటిది. డేనియల్ వెగ్నర్ బృందం 1987లో కొందరిని కూర్చోబెట్టి, తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాల పాటు ఆలోచించవద్దని, గుర్తొచ్చినప్పుడల్లా గంట కొట్టమని చెప్పింది. సగటున నిమిషానికి ఒకసారి కంటే ఎక్కువే గంట మోగింది. ఆ తరువాత ‘ఇప్పుడు ఆలోచించుకోవచ్చు’ అన్నప్పుడు, మొదటినుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవాళ్ల కంటే అణచుకున్నవాళ్లకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది. కారణం తేలికే. ‘ఆ ఆలోచన వచ్చిందా, లేదా’ అని కాపలా కాయాలంటే ఆ ఆలోచనను గుర్తుపెట్టుకోక తప్పదు.

అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పవాణ్ని’ అని వల్లించడం ఇంకొకటి. జోఆన్ వుడ్, ఆమె సహచరులు 2009లో దీన్ని పరీక్షించారు. తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్నవాళ్లు ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అని పదేపదే అనుకున్నాక, అనుకోనివాళ్ల కంటే దిగాలుగా తేలారు. ఎవరికి అవసరమని ఈ సలహా ఇస్తున్నామో సరిగ్గా వాళ్లకే పడలేదన్నమాట. నమ్మలేని మాట నోటితో అంటుంటే లోపలినుంచి ‘ఎక్కడ? చూపించు’ అని వాదన మొదలవుతుంది, ఆ వాదనలో ఓడిపోయేది మనమే. తనకు తాను ధైర్యం చెప్పుకోవాలంటే నమ్మగలిగిన వాక్యం ఎంచుకోవాలి. ‘నేను అద్భుతంగా మాట్లాడతాను’ అనే బదులు ‘మొదటి రెండు నిమిషాలు గొంతు వణుకుతుంది, అయినా రాసుకున్న నాలుగు అంశాలు చెప్పి దిగుతాను’ అనుకుంటే లోపల వాదించడానికి ఏమీ మిగలదు.

కోరుకున్నది జరిగిపోయినట్టు కళ్లు మూసుకుని ఊహించుకోవడం మరీ తియ్యగా ఉంటుంది, అందుకే మరీ ప్రమాదం. గాబ్రియెలె ఎట్టింగెన్, థామస్ వాడెన్ 1991లో బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన మహిళలను ఏడాదిపాటు గమనించారు. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువే తగ్గారు. తగ్గిపోయినట్టు అందమైన ఊహల్లో తేలినవాళ్లు మాత్రం తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, పగటి కల వేరు అన్న తేడా ఇక్కడ పట్టుకోవాలి. పని అయిపోయినట్టు ఊహించుకుంటే మనసుకు అప్పుడే ఊరట దొరుకుతుంది, పని మొదలుపెట్టాల్సిన ఊపు అక్కడే ఖర్చైపోతుంది. ఎట్టింగెన్ తరువాత రూపొందించిన పద్ధతిలో ఊహించుకోవడం ఉంది, కానీ అక్కడితో ఆగదు. కోరిక ఒకటి రాయాలి. అది నెరవేరితే ఎలా ఉంటుందో ఒక నిమిషం ఊహించుకోవాలి. వెంటనే, ఆలస్యం లేకుండా, అడ్డొచ్చేది ఏమిటో రాయాలి. ఆ అడ్డంకి బయటిది కాకుండా మనలోనిదై ఉండాలి: బద్ధకం, భయం, ఫోన్ తియ్యాలనిపించడం. చివర ‘ఇలా జరిగితే అలా చేస్తాను’ అన్న రూపంలో ఒక వాక్యం. ‘సాయంత్రం చదవడానికి కూర్చున్నాక చెయ్యి ఫోన్ మీదికి పోతే, లేచి దాన్ని పక్కగదిలో పెట్టి వస్తాను.’ ఇలాంటి వాక్యాల మీద పీటర్ గోల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 పరీక్షలను కలిపి లెక్కగట్టారు, ఫలితం చెప్పుకోదగ్గంతగానే ఉంది. జనం పొరపాటు చేసేది మొదటి సగంలో. ‘టైమ్ దొరికితే’, ‘మూడ్ బాగుంటే’ అని రాస్తారు. ఆ క్షణం వచ్చిందని ఎలా తెలుస్తుంది? కంటికి కనబడే సంఘటన, గడియారంలో సమయం, ఒక చోటు, వీటిలో ఏదో ఒకటి ఉండాలి.

ఇక అసలు పనిముట్టు. మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన, ఆలోచనలను పరీక్షించి సరిదిద్దుకునే చికిత్సా విధానంలోంచి వచ్చిన ఆలోచనల పట్టిక ఇది. కాగితం అడ్డంగా తిప్పి ఏడు గడులు గియ్యండి. మొదటి గడిలో ఏం జరిగిందో. రెండో గడిలో ఏ భావన కలిగిందో, 100కి ఎంత తీవ్రతతోనో. మూడో గడిలో ఆ క్షణంలో మనసులో మెదిలిన వాక్యం, అది ఎంత నిజమనిపించిందో మళ్లీ 100కి. నాలుగులో ఆ వాక్యానికి అనుకూలంగా ఉన్న సాక్ష్యాలు, ఐదులో వ్యతిరేకంగా ఉన్నవి. ఆరులో రెండు పక్షాలనూ కలుపుకున్న కొత్త వాక్యం. ఏడులో భావన తీవ్రత మరోసారి.

ఉదాహరణకు, పై అధికారికి పంపిన మెసేజ్‌కు సాయంత్రం దాకా జవాబు రాలేదు. భావన ఆందోళన, 80. మెదిలిన వాక్యం ‘నా పని ఆయనకు నచ్చలేదు’, నమ్మకం 85. అనుకూల సాక్ష్యం: జవాబు రాలేదు, కిందటి నెల ఒక నివేదిక దిద్దమని తిప్పి పంపారు. వ్యతిరేక సాక్ష్యం: ఇదివరకు మూడుసార్లు మర్నాడే జవాబిచ్చారు, నచ్చనప్పుడు అదేరోజు ఫోన్ చేస్తారు, ఇవాళ మరో ఇద్దరికి కూడా జవాబు లేదు. కొత్త వాక్యం: ‘జవాబు రాలేదన్నది నిజం. నచ్చలేదన్నది ఇంకా తెలియదు. రేపు పదకొండింటికి ఒకసారి అడుగుతాను.’ ఆందోళన 45. అంతే. 45 నుంచి సున్నాకు దిగాలని ఎదురుచూడకూడదు. 80 నుంచి 45కి దిగితే ఆ రాత్రి నిద్ర పడుతుంది, దానికోసమేగా ఇదంతా.

ఈ పట్టిక చెడిపోయే చోట్లు దాదాపు అందరిలోనూ ఒకటే. మొదటి గడిలో సంఘటనకు బదులు తీర్పు రాసేస్తారు. ‘ఆయన నన్ను పట్టించుకోలేదు’ అన్నది సంఘటన కాదు, కెమెరాలో పడేది రాయాలి. మూడో గడిలో ప్రశ్న రాస్తారు: ‘నాకే ఎందుకిలా?’ ప్రశ్నకు సాక్ష్యాలు వెతకలేం. ఆ ప్రశ్న వెనక దాక్కున్న వాక్యాన్ని, ‘నాకు ఏదీ కలిసిరాదు’ అన్నదాన్ని బయటికి లాగి రాయాలి. నాలుగో గడిలో ‘నాకలా అనిపిస్తోంది’ అని రాస్తారు. అనిపించడం సాక్ష్యం కాదు, అది ఇప్పటికే రెండో గడిలో ఉంది. ఆరో గడిలో ‘అంతా మంచే జరుగుతుంది’ అని బంగారు పూత పూస్తారు, అప్పుడు పైన చెప్పిన అద్దం ముందు జపమే మళ్లీ మొదలవుతుంది. ఇక మనసులోనే చేసేద్దాం, కాగితమెందుకు అనేవాళ్లు ఎక్కువ. మనసులో చేస్తే నాలుగో గడి దగ్గరే చక్కర్లు కొడతారు, ఐదో గడికి చేరరు. కోపం తారస్థాయిలో ఉన్నప్పుడు రాయడం కూడా దండగ. అప్పటికి మొదటి రెండు గడులు నింపి, మిగతావి అదేరోజు తల చల్లబడ్డాక పూర్తిచెయ్యాలి. రోజుకు ఒక్క పట్టిక చాలు, పది పదిహేను నిమిషాలు పడుతుంది. మూడు నాలుగు వారాలు చేస్తే తమ మూడో గడిలో ఒకే రెండు మూడు వాక్యాలు వేషాలు మార్చుకుని వస్తున్నాయని ఎవరికివారికే తెలిసిపోతుంది.

ఒక్కోసారి ఐదో గడి ఖాళీగా మిగులుతుంది. ఎంత వెతికినా వ్యతిరేక సాక్ష్యం దొరకదు. అంటే ఆ ఆలోచన నిజమేనన్నమాట: అప్పు తీర్చే దారి లేదు, పనిచేసే చోట నిజంగానే అవమానిస్తున్నారు. అప్పుడు పట్టిక పక్కన పెట్టి సమస్య మీద పనిచెయ్యాలి. సలహాలిచ్చేవాళ్లు ఈ మాట చెప్పకపోవడం మాకు కోపం తెప్పించే విషయం. అన్యాయం జరుగుతున్న మనిషికి ‘దృక్పథం మార్చుకో’ అనడం, కప్పు కారుతుంటే కళ్లు మూసుకోమనడమే.

కృతజ్ఞత రాసుకునే పద్ధతి గురించి మీ పాఠకులకు తెలిసే ఉంటుంది, కొలతలు తెలిసి ఉండకపోవచ్చు. మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో పరీక్షించిన రూపం ఇది: వారం పాటు ప్రతి రాత్రీ ఆరోజు బాగా జరిగిన మూడు సంగతులు, ఒక్కోదాని పక్కన అది ఎందుకు జరిగిందో కారణం. ఆరు నెలల తరువాత కూడా ప్రభావం కనబడింది. ముఖ్యంగా వారం అయ్యాక కూడా తమంతట తాము కొనసాగించినవాళ్లలో. మరోవైపు సోన్యా లుబోమిర్‌స్కీ బృందం చూసినప్పుడు వారానికి ఒకసారి రాసినవాళ్లకు మేలు జరిగింది, మూడుసార్లు రాసినవాళ్లకు జరగలేదు. రెండూ కలిపి చూస్తే మాకు తోచేది ఇదీ: మొదటి వారం రోజూ, ఆ తరువాత వారానికి ఒకసారి. ఎందుకంటే నాలుగో రోజుకే జాబితా ‘కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం’ అని అరిగిపోతుంది. అరిగిపోయాక చెయ్యి రాస్తుంది, మనసు రాయదు. అలా కాకుండా ఉండాలంటే ఆ 24 గంటల్లో జరిగినదే రాయాలి, అందులో ఒక మనిషో ఒక పనో ఒక సమయమో ఉండాలి. ‘మధ్యాహ్నం మూడింటికి లిఫ్టు ఆగిపోతే పక్కింటాయన సంచి అందుకుని నాలుగంతస్తులు మోశాడు’ అన్నట్టు. కారణం రాసే భాగాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ బలమంతా అందులోనే ఉంది. మంచి ఊరికే ఊడిపడలేదు, దాని వెనక ఎవరో ఒకరున్నారు, కొన్నిసార్లు ఆ ఒకరు నేనే అని తెలిసేది అక్కడే. ఒక్క హెచ్చరిక. ‘ఇన్ని ఉండి కూడా ఏడుస్తున్నావా’ అని తిట్టుకోవడానికి ఈ జాబితా వాడుకునేవాళ్లుంటారు. అలా మారుతోందనిపిస్తే ఆ రోజే ఆపెయ్యాలి.

రోజంతా చింత వదలనివాళ్లకు థామస్ బోర్కొవెక్ బృందం 1983లో పరీక్షించిన ఉపాయం ఉంది. చింతకు వేళ పెట్టడం. రోజూ ఒకే సమయంలో, ఒకే చోట అరగంట. మిగతా సమయంలో చింత తలెత్తితే అణచకుండా ఒక్క ముక్కలో కాగితం మీద రాసి ‘సాయంత్రం చూద్దాం’ అని పనిలోకి తిరిగి వెళ్లాలి. ఆ వేళకు కూర్చుని కాగితం ముందు పెట్టుకుని, మన చేతిలో ఉన్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు విడదియ్యాలి. ఉన్నవాటికి రేపు చెయ్యగల మొదటి పని ఒకటి రాయాలి. ఇది మంచం మీద చెయ్యకూడదు, పడుకునే ముందు గంటా రెండు గంటల్లో అసలే వద్దు. పడక చూడగానే చింత గుర్తొచ్చే అలవాటు అంటుకుంటుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు, పగలు వాయిదా వేసి సాయంత్రం ‘ఇప్పుడు బాగానే ఉన్నాగా’ అని ఎగ్గొట్టడం. రెండుసార్లు మాట తప్పితే మనసు ఆ వాయిదాను నమ్మదు. బాగానే ఉంటే ఐదు నిమిషాలు కూర్చుని లేవండి, కానీ కూర్చోండి.

పని చేస్తే ఉత్సాహం వస్తుందా, ఉత్సాహం వస్తే పని చేస్తామా? దిగులులో ఉన్నప్పుడు రెండోదాని కోసం ఎదురుచూస్తే రోజులు గడిచిపోతాయి. నీల్ జేకబ్సన్ బృందం 1996లో కుంగుబాటు ఉన్నవారి మీద చేసిన పరీక్షలో, ఆలోచనలు సరిదిద్దే భాగం పక్కనపెట్టి పనులు పెంచే భాగం ఒక్కటే ఇచ్చినా, పూర్తి చికిత్స తీసుకున్నవాళ్లతో సమానంగా కోలుకున్నారు. ఇంట్లో చేసుకునే రూపం చిన్నది: రేపటికి రెండు పనులు, ఒకటి సరదాది, ఒకటి చేశానన్న తృప్తినిచ్చేది. ఒక్కోదానికీ ఎంత సంతోషం దొరుకుతుందో 10కి ముందే అంచనా వేసి రాసి, చేశాక అసలు అంకె పక్కన రాయాలి. దిగులులో అంచనా అసలుకంటే తక్కువే ఉంటుంది, ఆ తేడా తన చేతిరాతలో కనబడటమే మందు. పనిని ఎంత చిన్నది చెయ్యాలంటే ‘నడకకు వెళ్తాను’ కాదు, ‘చెప్పులేసుకుని గుమ్మం దాటుతాను’. నిద్ర, కదలిక, వెలుతురు సరిగా లేకపోతే పైవన్నీ సగమే పనిచేస్తాయి. దీని గురించి మీ ఆరోగ్య పేజీ బాగానే రాస్తోంది, మేం మళ్లీ చెప్పం.

‘21 రోజుల్లో మీ ఆలోచన మారిపోతుంది’ అన్న శీర్షికలు మాత్రం దయచేసి ఆపండి. ఆ అంకె ప్రచారంలోకి వచ్చింది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాటలోంచి. శస్త్రచికిత్స తరువాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. ‘కనీసం’ అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది. ఫిలిపా లాలీ బృందం 96 మందిని అనుసరించి 2010లో ప్రచురించిన లెక్కలో కొత్త అలవాటు తనంతట తాను నడిచే దశకు చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. అదే పరిశోధనలో ఇంకో సంగతి తేలింది, దాన్ని పెద్దక్షరాల్లో వెయ్యొచ్చు: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు దెబ్బతినలేదు. 22వ రోజున ఓడిపోయామనుకుని మానేసేవాళ్లకు ఈ రెండు అంకెలూ చేరాలి.

ఎవరికి ఇవేవీ సరిపోవో కూడా రాయాలి. రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు మించి దిగులుగానో దేనిమీదా ఆసక్తి లేకుండానో ఉంటూ, దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెడితే డాక్టర్‌ను కలవాలి. థైరాయిడ్ మందగించినా ఇలాగే ఉంటుంది, అది రక్తపరీక్షలో తెలుస్తుంది, పట్టికలో తెలియదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగే పని లేదు. ఆ రోజే ఎవరికైనా చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు, అదేరోజు వైద్యసహాయం అందాలి. పక్కవాళ్లు ‘పాజిటివ్‌గా ఉండు’ అనడానికి ముందు ‘నేను వింటే చాలా, ఏమైనా చెప్పమంటావా’ అని అడిగితే చాలు.

చివరగా ఒక కోరిక. ఆదివారం సంచికలో పూలబొమ్మ పక్కన సూక్తి అచ్చువేసే చోటు ఉంది కదా, నెలకు ఒక్కసారి దాన్ని వదిలి అక్కడ పైన చెప్పిన ఏడు గడుల ఖాళీ పట్టిక వెయ్యండి, కత్తిరించుకునేలా చుట్టూ చుక్కల గీతతో. కాగితం నున్నగా మెరిసేది కాకుండా చూడండి, పెన్ను పట్టదు. ఐదో గడి మిగతావాటికి రెండింతలు వెడల్పు ఉండాలి. ఇరుకుగా ఉంటే ఒక్క సాక్ష్యం రాసి ఆపేస్తారు.

ఇట్లు,
కౌన్సెలింగ్ పనిలో ఉన్న కొందరు పాఠకులు